థర్డ్ గ్రేడ్ పాపకి స్టేట్ టెస్ట్: రాయించాలా, మానిపించాలా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటున్నాం. పాప పబ్లిక్ స్కూల్లో థర్డ్ గ్రేడ్. వచ్చే ఏప్రిల్లో మొదటిసారి స్టేట్ టెస్ట్ రాయాలట. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అందరూ వర్క్‌బుక్కులు కొంటుంటే మేమూ కొన్నాం. ఆదివారం సాయంత్రాలు వాళ్ల నాన్న కూర్చోబెట్టి చేయిస్తారు. ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి పాపకి కడుపునొప్పి. డాక్టరు చూసి ఏమీ లేదన్నారు. ఐ-రెడీ లెక్కల్లో 62 వచ్చింది, పక్కింటి అమ్మాయికి 94. ఇవి చాలవన్నట్టు ఎల్‌ప్యాక్ అని ఇంకో పరీక్ష. ఇక్కడే పుట్టిన పిల్లకి ఇంగ్లిష్ రాదన్నట్టు ఏటా పెడుతున్నారు. అడ్మిషన్ ఫారంలో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాయడం వల్లేనట. ఇకనుంచి ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడదాం అంటారు మావారు. నాకైతే అన్ని టెస్టులకీ ఆప్ట్ అవుట్ లెటర్, అంటే మా పిల్ల రాయదని కాగితం, ఇచ్చేయాలనుంది. ‘ఎంసెట్ రాసి పైకొచ్చినవాళ్లం, పిల్లకి పారిపోవడం నేర్పిస్తావా’ అని ఆయన. టీచర్‌ని అడిగితే ‘అది పేరెంట్స్ ఇష్టం’ అని ఊరుకుంది. వచ్చే ఏడు బాబుని కిండర్‌గార్టెన్‌లో చేర్చాలి, ఆ ఫారంలో ఏం రాయమంటారు?
– ఒక తల్లి

సమాధానం:

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. ఈ ఏడాదికి పాపతో స్టేట్ టెస్ట్ రాయించండి. వర్క్‌బుక్ మాత్రం ఈ ఆదివారం నుంచే ఆపేయండి.

మీ ఉత్తరాన్ని మీరే ఇంకోసారి చదువుకోండి. పాప స్టేట్ టెస్ట్ ఇంతవరకూ చూడనే లేదు, అది ఏప్రిల్లో కదా. కడుపునొప్పి వస్తున్నది ఆదివారం మధ్యాహ్నాలు. ఆ సాయంత్రం ఇంట్లో జరిగేదేమిటో మీరే రాశారు. పరీక్ష మానిపించినా ఆదివారాలు అలాగే ఉంటే నొప్పి కూడా అలాగే ఉంటుంది. ఒకవేళ వర్క్‌బుక్ ఆపిన నెల తర్వాత కూడా తగ్గకపోతే, బడిలో ఇంకేదో జరుగుతోందన్నమాట. అప్పుడు స్కూలు కౌన్సెలర్‌ని కలవండి. అది వేరే సంగతి, స్టేట్ టెస్టుకి ముడిపెట్టకండి.

మీరూ మీవారూ మూడు వేర్వేరు పరీక్షల్ని ఒకే గాటన కట్టి వాదించుకుంటున్నారు. దేని ఫలితాన్ని ఎవరు ఏ పనికి వాడతారో విడివిడిగా చూస్తే మీ మధ్య గొడవలో సగం మిగలదు.

మొదటిది స్టేట్ టెస్ట్. మీ దగ్గర అందరూ ఎస్‌బ్యాక్ అనేది, స్కూలు కాగితాల్లో క్యాస్ప్ అని కనిపించేది ఇదే. 2002లో వచ్చిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా చదవడంలోనూ లెక్కల్లోనూ పరీక్ష పెట్టాలంది. 2015 డిసెంబరులో దాని స్థానంలో ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం వచ్చింది, పరీక్ష మాత్రం పోలేదు. ఈ చట్టాలు అడిగేది మీ పాప గురించి కాదు, మీ పాప బడి గురించి. అంతకుముందు బడి మొత్తం సగటు బాగుంటే చాలు, అందులో పేద పిల్లలో, వైకల్యం ఉన్న పిల్లలో, ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలో వెనకబడినా బయటికి కనిపించేది కాదు. ఇప్పుడు ఒక్కో వర్గం ఫలితం విడిగా చూపించాలి. వెనకబడ్డ పిల్లల్ని ఆ రోజు ఇంట్లో ఉంచేయకుండా, నూటికి 95 మందైనా రాయాలన్న నియమమూ అందుకే ఉంది.

మీవారికి చెప్పాల్సిన మాట ఇక్కడుంది. ఎంసెట్ ఎంపిక పరీక్ష. ఒకరికి సీటొస్తే ఇంకొకరికి పోతుంది. మనలో చాలామందిమి పెరిగింది ఆ రకం పరీక్షల్లోనే కాబట్టి, పరీక్ష అన్న మాట వినగానే ర్యాంకూ సీటూ గుర్తొస్తాయి. ఎస్‌బ్యాక్‌లో ఎవరి సీటూ లేదు. అది జనాభా లెక్కల లాంటిది. లెక్కలవాళ్లు వస్తున్నారని ఎవరూ కోచింగ్ తీసుకోరు, తలుపేసుకుని దాక్కోవాల్సిన పనీ లేదు. థర్డ్ గ్రేడ్ స్కోరు కాలేజీ దాకా రాదు. కాలేజీ మాటే వస్తే, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అడ్మిషన్లలో ఎస్ఏటీ స్కోరునే పక్కన పెట్టేసింది. దాని పాలకమండలి సభ్యులు, అంటే రీజెంట్లు, 2020 మేలో ఆ దారి పట్టారు. రాష్ట్రంలోని ఇంకో పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీ వ్యవస్థ కాల్ స్టేట్ కూడా 2022లో మానేసింది. అలాంటిది ఎనిమిదేళ్ల వయసులో తెచ్చుకున్న స్కోరు ఎవరు చూస్తారు?

(ఒక్క మాట పక్కకి వెళ్లి చెబుతాను. ఇల్లు కొనేముందు మనవాళ్లందరం వెబ్‌సైట్లో చూసే ‘పదికి తొమ్మిది’, ‘పదికి పది’ స్కూలు రేటింగులకి ముడిసరుకు ఎక్కువగా ఈ పరీక్షలే. ఆ అంకె చూసి లక్షల డాలర్లు ఎక్కువ పోసి ఇల్లు కొని, తర్వాత ‘మా పిల్ల మాత్రం రాయదు’ అనడంలో ఉన్న తిరకాసు నాకు నవ్వు తెప్పిస్తుంది. మిమ్మల్ని అనడం లేదు, మనందరినీ అంటున్నాను.)

స్కోరు వచ్చాక ఎలా చూడాలో ముందే తెలుసుకుంటే మంచిది. రెండుతో మొదలయ్యే నాలుగంకెల సంఖ్య వస్తుంది, పక్కన నాలుగు స్థాయిల్లో ఎక్కడుందో ఉంటుంది. థర్డ్ గ్రేడ్‌కి మూడో స్థాయి, అంటే తరగతికి తగ్గట్టు ఉందనడం, ఇంగ్లిష్‌లో 2432 దగ్గర, లెక్కల్లో 2436 దగ్గర మొదలవుతుంది. లెవెంత్ గ్రేడ్ దాకా అదే కొలబద్ద కాబట్టి ఒక్క ఏడాది అంకె కంటే వరసగా రెండు మూడేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏమైనా తెలుస్తుంది. ఈ ఏడాది రాయించమనడానికి ఇదొక చిన్న కారణం. పెద్ద కారణం తర్వాత చెబుతాను.

రెండోది ఐ-రెడీ. ఇది రాష్ట్రానిది కాదు. మీ ప్రాంతపు బడుల్ని నడిపే స్కూల్ డిస్ట్రిక్టు కొనుక్కుని, టీచరుకి ఏ పిల్లకి ఏం రావడం లేదో తెలియడానికి ఏడాదిలో రెండు మూడుసార్లు పెట్టేది. మీరు రాసిన 62 మార్కు కాదు, పర్సెంటైల్. దేశంలో అదే తరగతి పిల్లలు వందమందిని వరసగా నిలబెడితే మీ పాప అరవై రెండు మంది కంటే ముందుంది. ఫస్ట్ క్లాస్ 60 అనే లెక్కలో పెరిగిన మనకి 62 అంటే గట్టెక్కినట్టు అనిపిస్తుంది. నిజానికి సగం మంది కంటే బాగా పైనే ఉంది. పైగా పిల్లలు ఎక్కువగా గుమిగూడి ఉండేది మధ్యలోనే కాబట్టి అక్కడ ఒకటి రెండు ప్రశ్నలు అటూ ఇటూ అయినా పర్సెంటైల్ చాలా మెట్లు మారుతుంది. శీతాకాలంలో 62 వచ్చిన పిల్లకి వసంతంలో 70 వచ్చినా 55 వచ్చినా అందులో పెద్ద విశేషం ఉండకపోవచ్చు. ఆ రిపోర్టులో మీరు చూడాల్సింది మొత్తం అంకె కింద ఉండే భాగం. లెక్కల్లో భిన్నాలా, కొలతలా, ఎక్కడ తడబడుతోందో అక్కడ ఉంటుంది. టీచరుతో మాట్లాడేది దాని గురించి. పక్కింటి అమ్మాయి 94 మీకెలా తెలిసిందో నాకు తెలియదు గానీ, మీ పాప 62 వాళ్లకి తెలియకుండా చూడండి.

మూడోది ఎల్‌ప్యాక్, ఇంట్లో వేరే భాష ఉన్న పిల్లలకి ఇంగ్లిష్ ఎంత వచ్చో చూసే రాష్ట్ర పరీక్ష. మీకు అవమానంగా అనిపించేదీ, మీరు పట్టించుకోకుండా వదిలేయాలనుకునేదీ ఇదే. మూడింట్లో మీ పాప బడి జీవితాన్ని నిజంగా మార్చగలిగేది కూడా ఇదే.

స్కూల్లో చేర్చేటప్పుడు నింపిన హోమ్ లాంగ్వేజ్ సర్వేలో నాలుగు ప్రశ్నలుంటాయి. పిల్ల మొదట మాట్లాడిన భాషేది, ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడుతుంది, మీరు పిల్లతో ఏ భాషలో మాట్లాడతారు, ఇంట్లో పెద్దవాళ్లు ఏ భాషలో మాట్లాడుకుంటారు. మొదటి మూడింట్లో ఒక్కదానికి ఇంగ్లిష్ కాని భాష రాసినా మొదటి ఎల్‌ప్యాక్ పెడతారు. అందులో తగినంత స్కోరు రాకపోతే ‘ఇంగ్లిష్ లెర్నర్’ అని నమోదు చేసి, ఆ తర్వాత ఏటా ఫిబ్రవరి నుంచి మే లోపు మళ్లీ పెడతారు. మీ పాప విషయంలో జరిగింది ఇదే అయ్యుంటుంది. చాలామంది తెలుగు పిల్లలు కిండర్‌గార్టెన్ మొదటి వారాల్లో కొత్త టీచరు ఎదురుగా కూర్చుని బొమ్మ గురించి చెప్పమంటే నోరు విప్పరు. ఇంట్లో ఇంగ్లిష్‌లో గలగలా మాట్లాడే పిల్లలు కూడా. ఆ నమోదు అలా మొదలై, పెద్దవాళ్లు పట్టించుకోకపోతే ఏళ్లతరబడి ఉండిపోతుంది.

ఉండిపోతే ఏమవుతుంది? ఎలిమెంటరీలో పెద్దగా తెలియదు. మిడిల్ స్కూల్‌కి వెళ్లాక ఇంగ్లిష్ లెర్నర్లకి విడిగా ఒక పీరియడ్ పెట్టాల్సి ఉంటుంది కాబట్టి, చాలా బడుల్లో పిల్లకి ఇష్టమైన సంగీతమో కోడింగో ఆ పీరియడ్‌కి బలైపోతుంది. దాన్నుంచి బయటపడటాన్ని రీక్లాసిఫికేషన్ అంటారు. కాలిఫోర్నియాలో దానికి నాలుగు చూస్తారు. ఎల్‌ప్యాక్‌లో మొత్తంగా నాలుగో స్థాయి, టీచరు అభిప్రాయం, తల్లిదండ్రులతో సంప్రదింపు, ఇంగ్లిష్ బాగా వచ్చిన తోటి పిల్లలతో పోల్చినప్పుడు చదవడం రాయడంలో నిలబడగలుగుతుందా అన్నది. ఈ నాలుగోదాన్ని దేనితో కొలవాలో డిస్ట్రిక్టు నిర్ణయించుకుంటుంది. చాలా డిస్ట్రిక్టులు కొలిచేది థర్డ్ గ్రేడ్ నుంచి ఎస్‌బ్యాక్ ఇంగ్లిష్ స్కోరుతోనో, ఐ-రెడీ రీడింగ్‌తోనో.

ఇందాక చెప్పిన పెద్ద కారణం ఇది. మీరు కోపంతో ఎస్‌బ్యాక్ మానిపిస్తే, ఎల్‌ప్యాక్ నుంచి పాపని బయటపడేయగలిగే రుజువుని మీ చేతులతో మీరే తీసేసినట్టవుతుంది. కాబట్టి స్కూల్లో అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఆప్ట్ అవుట్ ఎలా’ అని కాదు. ‘మా పాపకి పోయినేడు ఎల్‌ప్యాక్‌లో ఏ స్థాయి వచ్చింది, వినడం, మాట్లాడటం, చదవడం, రాయడంలో ఏది తక్కువైంది, రీక్లాసిఫై చేయడానికి మీ డిస్ట్రిక్టు నాలుగో ప్రమాణానికి ఏది చూస్తుంది’ అని అడగండి. జవాబు మెయిల్లో ఇవ్వమనండి. ఎస్‌బ్యాక్ అసలు చూడబోమని వాళ్లు చెబితే, మానిపించాలా వద్దా అన్నది నిజంగానే మీ ఇష్టం.

ఎల్‌ప్యాక్‌కి మాత్రం ఆప్ట్ అవుట్ లేదు. ఫెడరల్ చట్టం ప్రకారం ఇంగ్లిష్ సహాయ తరగతులు వద్దనే హక్కు తల్లిదండ్రులకి ఉంది, ఏటా పరీక్ష వద్దనే హక్కు లేదు. మొదటి ఎల్‌ప్యాక్ అయిపోయాక సర్వేలో జవాబు మార్చినా నమోదు మారదు. మార్గం రాసి బయటపడటం ఒక్కటే. ఏదో ఒక పరీక్షకి ఇంట్లో కాస్త సాధన చేయించి తీరాలని మీవారు అంటే, దీనికి చేయించమనండి. వర్క్‌బుక్కు కాదు. రోజూ పాప చదివిన కథలోంచి ‘ఎందుకలా చేసింది’ అని అడిగి, పూర్తి వాక్యాల్లో చెప్పించి, రెండు మూడు వాక్యాలు రాయించడం చాలు.

ఇంట్లో తెలుగు మానేయాలన్న ఆలోచన దయచేసి వదిలేయమనండి. నమోదు ఒకసారి అయ్యాక ఇంట్లో ఏ భాష మాట్లాడినా అది మారదు, అంటే ఆయన ఆశించే లాభమే లేదు. అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడే భాష పోతుంది, అంతే.

ఇక మీ హక్కు సంగతి. కాలిఫోర్నియా ఎడ్యుకేషన్ కోడ్ 60615వ సెక్షన్ ప్రకారం తల్లి గాని తండ్రి గాని రాతపూర్వకంగా అడిగితే స్టేట్ టెస్టుల్లో ఏ భాగం నుంచైనా పిల్లకి మినహాయింపు ఇచ్చి తీరాలి. కారణం చెప్పక్కర్లేదు. ప్రిన్సిపాల్‌కి ఒక పేరా రాస్తే చాలు, ఏటా కొత్తగా ఇవ్వాలి. పరీక్ష మొదలయ్యాక ఇస్తే అప్పటిదాకా రాసిన భాగం లెక్కలోకి వస్తుంది. ఐ-రెడీ లాంటి డిస్ట్రిక్టు పరీక్షలు ఈ సెక్షన్ కిందికి రావు. టీచరు ఎందుకు ఊరుకుందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. మినహాయింపు ఉందని సిబ్బంది చెప్పొచ్చు, పరీక్ష గురించి మీతో మాట్లాడొచ్చు, కానీ మినహాయింపు అడగమని ప్రోత్సహించకూడదని నిబంధన. ‘మీరైతే ఏం చేస్తారు’ అన్న ప్రశ్న ఆమెని ఇరుకున పెట్టింది. ‘పాప క్లాసులో ఎలా ఉంటోంది, ఆదివారం కడుపునొప్పి లాంటిది బడిలో ఎప్పుడైనా కనిపించిందా’ అని అడగండి, ఎంతైనా మాట్లాడుతుంది.

ఇతర రాష్ట్రాల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్లు కాలిఫోర్నియా నియమమే తమకీ అనుకోవద్దు. టెక్సస్ చట్టం పరీక్ష తప్పించడానికి పిల్లని బడి నుంచి తీసుకెళ్లే హక్కు తల్లిదండ్రులకి లేదని స్పష్టంగా చెబుతుంది. న్యూయార్క్‌లో 2015లో రాయాల్సిన పిల్లల్లో దాదాపు ఐదోవంతు మందిని తల్లిదండ్రులు రాయనివ్వలేదు. ఇండియా నుంచి ఏడాది లోపు వచ్చి ఇంగ్లిష్ లెర్నర్‌గా నమోదైన పిల్లలకి ఇంగ్లిష్ భాగం నుంచి ఒకసారి మినహాయింపు ఇచ్చే వీలు కాలిఫోర్నియాలో ఉంది. లెక్కలు మాత్రం రాయాలి.

మానిపించడం తప్పని నేననను. రోజుల తరబడి నిద్రపోని పిల్లా, ఇంట్లో ఈ మధ్యే విషాదం జరిగిన పిల్లా ఉంటారు. వాళ్ల విషయంలో లెటర్ ఇవ్వడానికి క్షణం ఆలోచించక్కర్లేదు. బడి నెలల తరబడి పాఠాలు మానేసి టెస్ట్ ప్రాక్టీసే చేయిస్తోందని మీ అభ్యంతరమైతే, అది తల్లిదండ్రులూ సిబ్బందీ కలిసి ఉండే స్కూల్ సైట్ కౌన్సిల్ మీటింగుకి వెళ్లి పెద్దవాళ్లు అడగాల్సిన మాట.

రాయిస్తే పాపకి ముందుగా చెప్పాల్సింది ఒక్కటుంది, చాలామంది తల్లిదండ్రులకి అది తెలియదు. ఈ కంప్యూటర్ పరీక్ష పిల్ల జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న మారుస్తుంది. సరిగ్గా చెబితే ఇంకా కష్టమైనది, తప్పు చెబితే తేలికైనది. ఐ-రెడీ కూడా అంతే, దాన్ని తయారుచేసిన తీరే పిల్లలకి దాదాపు సగం ప్రశ్నలు తప్పు పోయేలా ఉంటుంది. స్పెల్లింగ్ టెస్టులో పదికి పది తెచ్చుకునే పిల్ల ఇక్కడ వరసగా రానివి చూసి ‘నాకేమీ రాదు’ అని బెంబేలెత్తిపోతుంది. ‘కష్టమైనవి వస్తున్నాయంటే నువ్వు ముందువి బాగా చేశావని. క్లాసులో ఇంకా చెప్పనివి కూడా వస్తాయి. రానిదానికి తోచింది పెట్టి ముందుకెళ్లిపో. టైం అయిపోతుందన్న భయం లేదు’ అని చెప్పండి. ఆ చివరి మాట నిజమే, ఎస్‌బ్యాక్‌కి గట్టి గడువు ఉండదు. క్యాస్ప్ వెబ్‌సైట్లో ప్రాక్టీస్ టెస్ట్ ఉచితంగా ఉంటుంది, లాగిన్ కూడా అక్కర్లేదు. మౌస్‌తో లాగడం, హెడ్‌ఫోన్ పెట్టుకోవడం అలవాటయ్యేలా ఒక్కసారి చేయనివ్వండి. స్కోరు చూడకండి.

గదినిండా పిల్లల మధ్య పాప బిగుసుకుపోతుందని మీకనిపిస్తే, వేరే గదిలో చిన్న గుంపుతో రాయించమని టీచర్‌ని ముందే అడగండి. దానికి స్పెషల్ ఎడ్యుకేషన్ ప్లాన్ ఉండాల్సిన పని లేదు. అవసరమని టీచరు గుర్తిస్తే ఏ పిల్లకైనా ఇవ్వొచ్చు. ఫిబ్రవరిలో అడిగితే తీరిగ్గా ఏర్పాటు చేస్తారు, పరీక్ష ముందురోజు అడిగితే చేయలేరు.

మీ ఇద్దరి వాదన పాప వినేటట్టు జరుగుతోందేమోనని నా అనుమానం. ‘పారిపోవడం’ అన్న మాట ఎనిమిదేళ్ల పిల్ల చెవిన పడితే ఆ వర్క్‌బుక్ ఎలా కనిపిస్తుందో ఆయన్నే ఊహించుకోమనండి. ఆయన పట్టుదలకి చోటు తర్వాత ఉంది. మిడిల్ స్కూల్లో లెక్కల తరగతి ఏదన్నది నిర్ణయించేటప్పుడు చాలా డిస్ట్రిక్టులు ఫిఫ్త్, సిక్స్త్ గ్రేడ్ స్కోర్లు కూడా చూస్తాయి. లెవెంత్ గ్రేడ్ ఎస్‌బ్యాక్‌ని కాల్ స్టేట్ కోర్సుల్లో ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చుకోవడానికి వాడుతుంది. అప్పుడు పాపతో కలిసి కూర్చుని లెక్కలు చేయమనండి, అప్పటికి ఆమె నాన్నతో కూర్చోవడానికి ఇష్టపడేలా ఇప్పుడు ఉండటం ముఖ్యం. చదువులో బాగా ముందున్న పిల్లలకి పెట్టే గిఫ్టెడ్ ప్రోగ్రామ్ పరీక్షల గురించి మీరు అడగలేదు, వాట్సాప్ గ్రూపు ఎలాగూ అడుగుతుంది. వాటికి కోచింగ్ డబ్బు దండగ అని నా గట్టి నమ్మకం.

చివరగా బాబు ఫారం. నిజమే రాయండి. అబద్ధం రాసి, నిజంగా సాయం కావాల్సినప్పుడు అది దొరకని పరిస్థితి తెచ్చుకోకండి. కాకపోతే పాప విషయంలో తెలియక జరిగింది వాడి విషయంలో జరగనక్కర్లేదు. చేరిన ముప్పై రోజుల్లోపు మొదటి ఎల్‌ప్యాక్ పెడతారు. అందులో ఇంగ్లిష్ బాగా వచ్చని తేలితే ఇక ఏటా ఆ పరీక్షే ఉండదు. తేలకపోవడానికి చాలాసార్లు కారణం ఇంగ్లిష్ కాదు, సిగ్గు. బడి తెరిచే ముందు వేసవిలో వాణ్ని లైబ్రరీలో కథలు చెప్పే గంటకి తీసుకెళ్లండి. తెలియని పెద్దవాళ్లు అడిగినదానికి వాడే జవాబు చెప్పేలా, మీరు పక్కనుంచి అందివ్వకుండా ఉండండి. ఎల్‌ప్యాక్ తేదీ ఎప్పుడో ఆఫీసులో కనుక్కోండి, ఆ రోజు బాబుకి జలుబో జ్వరమో ఉంటే ఇంకో రోజుకి మార్చమని అడగండి. ఫలితం కాగితం ఇంటికి వచ్చాక పక్కన పడేయకుండా చదవండి.